నాలుక కింద మాత్ర, తలలో నెత్తురు

చింతపల్లి ఘాట్ దిగి వచ్చే పక్షవాతం రోగికి నర్సీపట్నం సగం దారే. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి అక్కడి నుంచి ఇంకా 80 కిలోమీటర్లకు అటూ ఇటూ. మూతి వంకరపోయి, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయిన మనిషికి బీపీ 210 ఉందనగానే, ఎవరో ఒకరు నాలుక కింద మాత్ర పెట్టేస్తారు. బీపీ దించాలన్న ఆలోచనలో తప్పు లేదు. తలలో ఏం జరిగిందో తెలుసుకోకుండా దించడమే తప్పు.

పక్షవాతంలో ఒక రకం ఇలా వస్తుంది: అదుపులో లేని బీపీ ఏళ్ల తరబడి తాకుతుంటే, మెదడు లోతుల్లో దారప్పోగుల్లాంటి నాళాలు బలం కోల్పోయి ఒకనాడు చిట్లుతాయి. ఆ క్షణంతో అంతా అయిపోయినట్టు కాదు. దాదాపు ముగ్గురిలో ఒకరికి తర్వాతి గంటల్లో నెత్తురు గడ్డ ఇంకా పెరుగుతుంది. పుర్రె సాగదు కాబట్టి పెరిగిన ప్రతి చుక్కా మెదడునే నొక్కుతుంది. గొట్టం పగిలితే మోటారు కట్టేస్తాం. గుండెను కట్టెయ్యలేం, ఒత్తిడి తగ్గించగలం. ఈ తర్కాన్ని 2013లో ఇంటరాక్ట్-2 అనే అధ్యయనం 2,800 మందికి పైగా రోగులలో పరీక్షించింది. గంటలో పై బీపీని 140 లోపు తెచ్చేలా చూసిన వారిలో మరణమో తీవ్ర వైకల్యమో 52 శాతం. 180 వరకు ఊరుకున్న వారిలో 55.6 శాతం. తేడా ఉంది గానీ, గణాంకాల గీటురాయి మీద కొద్దిలో తప్పింది. 2016లో వచ్చిన అటాచ్-2లో ఆ తేడా కూడా కనబడలేదు, పైగా గట్టిగా దించిన వారికి కిడ్నీ ఇబ్బందులు ఎక్కువయ్యాయి. కాబట్టి ఈ వైద్యం వృథా అనేవారున్నారు. కానీ అటాచ్-2లో పోల్చిన రెండో గుంపుకే బీపీ 140 దగ్గరికి దిగింది. గట్టిగా దించిన గుంపుకు 130 కిందికి పోయింది. అంటే ఆ అధ్యయనం చెప్పింది 140 చాలు, ఇంకా దించితే లాభం లేదనే. 2023లో ఇంటరాక్ట్-3 ఈ వాదనకు బలమిచ్చింది. భారత్‌తో సహా 10 దేశాల్లో, 7,000 మందికి పైగా రోగుల్లో, బీపీతో పాటు షుగరు, జ్వరం, రక్తం పలచబరిచే మందుల ప్రభావం కలిపి చూసుకున్న చోట రోగులు మెరుగ్గా కోలుకున్నారు. బీపీ ఒక్కదాని ఘనత ఎంతో ఇందులో విడదీయలేం, నిజమే. మంచం పక్కన నిలబడ్డ నర్సుకు ఆ విడదీత అక్కర్లేదు కూడా.

అంత త్వరగా దించాల్సిందే అయితే అంబులెన్సులోనే మొదలెట్టవచ్చు కదా? చైనాలో 2,404 మంది రోగుల్లో దాన్ని పరీక్షించి చూశారు. ఫలితం 2024లో వచ్చింది. తలలో నెత్తురు కారిన వారికి మేలు జరిగింది. నాళం పూడుకుపోయి పక్షవాతం వచ్చిన వారికి కీడు జరిగింది, ఎందుకంటే పూడిక చుట్టూ ఉన్న మెదడు ఆ ఎక్కువ ఒత్తిడి మీదే బతుకుతుంది. బయటికి రెండిటి వాలకమూ ఒకటే: అదే మూతి, అదే చెయ్యి. తేల్చేది సీటీ స్కానే. నాలుక కింద మాత్రకు ఆ తేడా తెలియదు. బీపీ ఎంత దిగుతుందో, ఎక్కడ ఆగుతుందో దాని మీద ఎవరికీ పట్టుండదు. ఆసుపత్రిలో సెలైన్ ద్వారా ఎక్కించే మందును మాత్రం నిమిషాల లెక్కన పెంచనూ వచ్చు, ఆపనూ వచ్చు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే నోట్లో మాత్ర వెయ్యకండి, నీళ్లు పొయ్యకండి. 108కి ఫోను చేసి, దగ్గరలో సీటీ స్కాన్ ఎక్కడ తీస్తారో అడిగి నేరుగా అక్కడికే వెళ్లండి. మనిషి ఆఖరుసారి మామూలుగా కనబడ్డ టైము కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి.