ప్రాంగణ వైఫై.. కలిపే ముందు ఆ ఒక్క గడి చూడండి

యారాడ: మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం. డాల్ఫిన్ నోస్ వెనుక ఒదిగి ఉన్న యారాడ నుంచి ఉన్నత చదువులకు వెళ్లాలంటే ఘాట్ రోడ్డు ఎక్కి దిగి, సింధియా మీదుగా సాగక తప్పదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం కావచ్చు, సబ్బవరం మండలం వంగలిలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణం కావచ్చు, నగరం చుట్టూ వెలసిన ఇంజినీరింగ్ కళాశాలలు కావచ్చు. ఎక్కడ సీటు వచ్చినా కొత్త విద్యార్థికి మొదటి వారంలోనే ఎదురయ్యే పని ఒకటుంది. సొంత సెల్‌ఫోన్‌ను, ల్యాప్‌టాప్‌ను ప్రాంగణ వైఫైకి కలుపుకోవడం.

ఇంట్లో వైఫైకి ఒక పాస్‌వర్డ్ కొడితే సరిపోతుంది. ప్రాంగణంలో అలా కాదు. పేరు, పాస్‌వర్డ్‌తో పాటు ఎన్నడూ వినని పదాలతో ఐదారు గడులు తెర మీద ప్రత్యక్షమవుతాయి. పక్కనున్న సీనియర్ ఫోన్ అందుకుని, ఏవో నాలుగు మీటలు నొక్కి 'అయిపోయింది' అంటాడు. నెట్ వస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఆ నాలుగు మీటల్లో ఒకటి తప్పుగా నొక్కితే విద్యార్థి పాస్‌వర్డ్ పరుల చేతికి చిక్కే దారి తెరుచుకుంటుందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అనేక సంస్థల్లో అదే పాస్‌వర్డ్‌తో ఈ-మెయిల్, ఫీజు చెల్లింపు, పరీక్షల నమోదు, మార్కుల వివరాలు కూడా తెరుచుకుంటాయి. అందుకే ఇది కేవలం నెట్ వచ్చిందా లేదా అన్న విషయం కాదు.

ఎందుకింత పకడ్బందీ?

వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలో లైసెన్సు అవసరం లేకుండా వదిలిపెట్టింది. ఆ తరువాతే దేశంలో వైఫై ఇళ్లలోకి, కళాశాలల్లోకి విస్తరించింది. తొలి రోజుల్లో చాలాచోట్ల తాళం లేని తలుపులా ఉండేది. ఎవరైనా వచ్చి కలుపుకోవచ్చు.

2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు ఒక బెదిరింపు ఈ-మెయిల్ అందింది. దాని జాడ తీస్తూ వెళ్లిన దర్యాప్తు అధికారులు నవీ ముంబయిలో భద్రత లేని ఒక ఇంటి వైఫై వద్ద ఆగారు. ఆ ఇంటివారికి తెలియకుండానే వారి నెట్‌ను మరొకరు వాడుకున్నారు. ఆ అనుభవం తరువాత 2009 ఫిబ్రవరిలో టెలికం శాఖ ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలు ఇచ్చింది. వైఫై వాడే ప్రతి వ్యక్తినీ గుర్తించగలిగే ఏర్పాటు ఉండాలన్నది వాటి సారాంశం. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. ఫలానా రోజు ఫలానా వేళ నెట్ వాడిందెవరు అని పోలీసులు అడిగితే సంస్థ జవాబు చెప్పుకోగలగాలి. వేలమందికి ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి ఊరుకుంటే ఆ జవాబు చెప్పడం సాధ్యం కాదు.

మిత్రుడికి నెట్ లేదని తన ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చే విద్యార్థి ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రికార్డులో ఉండేది మిత్రుడి పేరు కాదు, ఇచ్చినవారి పేరే.

రెండు రకాల తలుపులు

ప్రాంగణాల్లో సాధారణంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది రైల్వే స్టేషన్లలో, విమానాశ్రయాల్లో ఉండే తరహా. వైఫై పేరు నొక్కగానే కలుస్తుంది గానీ నెట్ రాదు. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరుచుకుని ఐడీ, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇది సులువే. అయితే ఫోన్‌కూ వైఫై పెట్టెకూ మధ్య గాలిలో సాగే సమాచారానికి వైఫై తరఫున ఏ తాళమూ ఉండదు. 'హెచ్‌టీటీపీఎస్' ఉన్న వెబ్‌సైట్లు తమ తాళం తామే వేసుకుంటాయి కనుక బ్యాంకు వివరాల వంటివి బయటపడవు. ఏ సైట్‌కు వెళ్తున్నారన్నది మాత్రం చాలావరకు తెలిసిపోతుంది.

ఈ పద్ధతిలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు 'పేజీ రావడం లేదు' అన్నది. కారణం చాలాసార్లు ఫోన్‌లోనే ఉంటుంది. వీపీఎన్ యాప్ పనిచేస్తున్నా, 'ప్రైవేట్ డీఎన్ఎస్' అమరికలో ఏదైనా పేరు రాసి ఉన్నా ప్రాంగణ సర్వర్ తన పేజీని చూపలేదు. వీపీఎన్ ఆపి, ప్రైవేట్ డీఎన్ఎస్‌ను 'ఆటోమేటిక్'కు మార్చి మళ్లీ ప్రయత్నిస్తే పేజీ సాధారణంగా వస్తుంది.

రెండో పద్ధతి పెద్ద విశ్వవిద్యాలయాల్లో వాడేది. సాంకేతికులు దీన్ని '802.1ఎక్స్' అని, ఫోన్ తయారీదారులు 'ఎంటర్‌ప్రైజ్' అని పిలుస్తారు. గోడ మీది వైఫై పెట్టె ఇందులో కాపలాదారు మాత్రమే. విద్యార్థి ఎవరో దానికి తెలియదు. ఫోన్ చెప్పిన మాటను లోపల ఉన్న 'రేడియస్' అనే సర్వర్‌కు అందిస్తుంది. ఆ సర్వర్ సరే అంటేనే దారి వదులుతుంది. అప్పుడు ఒక్కొక్క ఫోన్‌కు ఒక్కొక్క తాళం చెవి తయారవుతుంది. ఒకే గదిలో యాభై మంది కలిసి ఉన్నా ఒకరి సమాచారం మరొకరు చదవలేరు. ఇంటి వైఫైలో సాధారణంగా కనిపించే డబ్ల్యూపీఏ2 తరహాకు ఈ సుగుణం లేదు. పాస్‌వర్డ్ తెలిసినవాడు ఇతరులు కలిసే క్షణాన్ని పసిగట్టి రికార్డు చేస్తే, ఆ తరువాతి సంభాషణను విప్పగలడు.

ఆ ఒక్క గడి

ఇంత మంచి ఏర్పాటుకు ఒక బలహీనత ఉంది. కాపలాదారు విద్యార్థిని గుర్తింపు అడుగుతాడు సరే. అడుగుతున్నవాడు నిజమైన కాపలాదారేనా?

వైఫై పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. దానికి రిజిస్ట్రేషన్ లేదు, అనుమతి లేదు. ప్రాంగణం గేటు ఎదురుగా ఉన్న టీ దుకాణంలో కూర్చుని, ల్యాప్‌టాప్‌తో విశ్వవిద్యాలయం వైఫై పేరునే ప్రసారం చేయడం కష్టమైన పని కాదు. అటుగా వెళ్లే విద్యార్థి జేబులోని ఫోన్ పేరు చూసి తనంతట తానే కలవడానికి ప్రయత్నిస్తుంది. జేబులోంచి తీయనే అక్కరలేదు.

ఈ మోసాన్ని ఆపేందుకే ధ్రువపత్రం అనే ఏర్పాటు ఉంది. సర్వర్ ముందుగా తన ధ్రువపత్రాన్ని ఫోన్‌కు చూపాలి. ఫోన్ దాన్ని సరిచూసుకుని, నిజమైనదే అని తేలాక రహస్య మార్గం ఏర్పరచుకుని, ఆ మార్గంలో మాత్రమే పాస్‌వర్డ్ రుజువును పంపాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో 'సీఏ సర్టిఫికెట్' అనే గడి ఇందుకోసమే ఉంది. సీనియర్లు నొక్కే మీట సాధారణంగా ఇక్కడిదే. 'డూ నాట్ వాలిడేట్' అని ఎంచుకుంటే సరిచూడవద్దని ఫోన్‌కు చెప్పినట్లే. ఇక టీ దుకాణంలో కూర్చున్నవాడు చూపే ఏ కాగితాన్నైనా ఫోన్ ఒప్పుకుంటుంది.

పాస్‌వర్డ్ నేరుగా వెళ్లదు, సంకేత రూపంలో వెళ్తుంది కదా అని కొందరి వాదన. ప్రాంగణాల్లో విస్తృతంగా వాడే 'ఎంఎస్‌చాప్ వెర్షన్ 2' అనే ఆ సంకేత పద్ధతిని సంపూర్ణంగా ఛేదించే మార్గాన్ని 2012లో అమెరికాలోని లాస్ వెగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ సదస్సులో బహిరంగంగా ప్రదర్శించారు. ఆ తరువాత దాని మీద భరోసా పెట్టుకోవడంలో అర్థం లేదు. దాన్ని కాపాడుతున్నది బయటి రహస్య మార్గం ఒక్కటే. ఆ మార్గం అవతలి కొస ఎవరి చేతిలో ఉందో చూడకపోతే అంతా వృథా.

ఈ ప్రమాదాన్ని గుర్తించిన గూగుల్ ఆండ్రాయిడ్ 11 వెర్షన్‌లో 2020 డిసెంబరు నుంచి తన పిక్సెల్ ఫోన్లలో 'డూ నాట్ వాలిడేట్' అవకాశాన్ని తొలగించింది. క్రమంగా ఇతర కంపెనీలూ అదే బాట పట్టాయి. అప్పట్లో ప్రపంచవ్యాప్తంగా అనేక విశ్వవిద్యాలయాల్లో కొత్త ఫోన్లు ఒక్కసారిగా వైఫైకి కలవడం మానేశాయి. ఫోన్ పాడైందని విద్యార్థులు అనుకున్నారు. నిజానికి ఫోన్ బాగుపడింది. అయితే పాత ఫోన్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. అన్నయ్య వాడి వదిలేసిన ఫోన్‌తో కళాశాలకు వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు.

ఇందులో విద్యార్థులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. నోటీసు బోర్డుకు అంటించే సూచనల కాగితంలోనే 'వాలిడేట్ చేయవద్దు' అని రాసి ఉంటే పిల్లలు చేసేదేముంది? సర్వర్ ధ్రువపత్రం పేరేమిటో, ఏ డొమైన్ రాయాలో ఆ కాగితంలో ఒక్క వాక్యం చేర్చడం సంస్థలకు పెద్ద భారం కాదు.

గడులు నింపడం ఇలా..

ఆండ్రాయిడ్‌లో 'ఈఏపీ మెథడ్' ఎదుట చాలాచోట్ల 'పీఈఏపీ' అని, 'ఫేజ్ 2 అథెంటికేషన్' ఎదుట 'ఎంఎస్‌చాప్‌వీ2' అని ఎంచుకోవాలి. కొన్ని సంస్థలు 'టీటీఎల్ఎస్' వాడతాయి కనుక ముందు కంప్యూటర్ కేంద్రంలో అడగడం మేలు. 'సీఏ సర్టిఫికెట్' వద్ద 'యూజ్ సిస్టమ్ సర్టిఫికెట్స్' ఎంచుకుని, 'డొమైన్' గడిలో సంస్థ చెప్పిన సర్వర్ పేరు రాయాలి. ఈ రెండూ కలిస్తేనే రక్షణ. సంస్థ తన సొంత ధ్రువపత్రం ఇస్తే దాన్ని ముందుగా ఫోన్‌లో చేర్చుకోవాలి. 'ఐడెంటిటీ' అంటే విద్యార్థి ఐడీ. ఆండ్రాయిడ్ 13, ఆపై వెర్షన్లు ఉన్న ఫోన్లలో 'ట్రస్ట్ ఆన్ ఫస్ట్ యూజ్' అన్న అవకాశమూ కనిపిస్తుంది. మొదటిసారి చూసిన ధ్రువపత్రాన్నే ఆపైన నమ్ముతుంది కనుక, ఆ మొదటిసారి తప్పనిసరిగా ప్రాంగణం లోపలే కలపాలి. బస్టాండులోనో, హోటల్లోనో కాదు.

ఐఫోన్ ఇన్ని ప్రశ్నలు అడగదు. ధ్రువపత్రం చూపి 'ట్రస్ట్' నొక్కమంటుంది. విండోస్ ల్యాప్‌టాప్ కూడా కొనసాగించాలా అని అడుగుతుంది. చదవకుండా నొక్కడం అలవాటైపోయిన చోటు ఇదే. ఒకసారి కలిసిన ఫోన్ కొద్దిరోజుల తరువాత అదే ప్రశ్న మళ్లీ వేసిందంటే, సంస్థ ధ్రువపత్రం మార్చిందో లేదో విచారించాకే ముందుకు వెళ్లాలి.

కలవకపోతే..

విచిత్రంగా అనిపించే కారణం తేదీ. బ్యాటరీ పూర్తిగా అయిపోయి తిరిగి వెలిగిన పాత ఫోన్ల గడియారం ఒక్కోసారి ఏళ్లు వెనక్కి పోతుంది. ధ్రువపత్రానికి గడువు తేదీలు ఉంటాయి కనుక ఆ ఫోన్ దాన్ని చెల్లదంటుంది. తేదీ సరిచేస్తే చాలు.

పాస్‌వర్డ్ మార్చుకున్నవారికి మరో చిక్కు. ల్యాప్‌టాప్‌లో కొత్తది రాస్తారు, ఫోన్‌లో పాతది అలాగే ఉండిపోతుంది. ఫోన్ జేబులో నుంచే పాత పాస్‌వర్డ్‌తో పదేపదే ప్రయత్నిస్తుంది. ఎవరో దొంగ ప్రయత్నిస్తున్నాడని సర్వర్ ఖాతాకు తాళం వేసేస్తుంది. పరీక్ష ఫీజు చివరి రోజున ఇలా జరిగితే విద్యార్థి పరుగులు చూడనక్కరలేదు. పాస్‌వర్డ్ మార్చే ముందు అన్ని పరికరాల్లోనూ 'ఫర్‌గెట్' నొక్కడం ఉత్తమం.

పరికరాల నంబరు నమోదు చేయించుకునే ప్రాంగణాల్లో ఇంకొక తిరకాసు ఉంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు 'మ్యాక్' నంబరు దాచి ప్రతి వైఫైకి ఒక మారు నంబరు చూపుతున్నాయి. పెట్టె మీద అచ్చయిన నంబరు నమోదు చేయిస్తే ఫోన్ కలవదు. ఆ ఒక్క వైఫైకి మాత్రం 'యూజ్ డివైస్ మ్యాక్' అని మార్చుకోవాలి. ఐఫోన్‌లో 'ప్రైవేట్ వైఫై అడ్రస్' ఆపాలి.

నెట్ నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదుకు హాస్టళ్లలో కారణం తరచూ హాస్టలే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డుపడకుండా పనిచేయగల మార్గాలు మూడే. గదికొక హాట్‌స్పాట్ వెలిగిస్తే మూడు దారుల్లో ముప్పై బండ్లు దూరినట్లే. 5 గిగాహెర్ట్జ్‌లో దారులు ఎక్కువ గానీ గోడలు దాటడంలో అది బలహీనం.

పొరుగు ప్రాంగణానికి వెళ్తే..

ఒక సంస్థ విద్యార్థి మరో సంస్థ గ్రంథాలయానికో, సదస్సుకో వెళ్తే అక్కడ కొత్త ఐడీ అడగనక్కరలేని ఏర్పాటు 'ఎడ్యూరోమ్'. యూరప్‌లో 2002లో మొలకెత్తిన ఈ ఆలోచన వందకు పైగా దేశాలకు పాకింది. మన దేశంలో దీన్ని ఎర్నెట్ ఇండియా నిర్వహిస్తోంది. రెండు సంస్థలూ ఇందులో సభ్యులై ఉండాలి. అతిథి ప్రాంగణం పాస్‌వర్డ్ చూడదు, సొంత సంస్థ సర్వర్‌ను అడిగి అవునంటే దారి వదులుతుంది. కనుక ఐడీ తరువాత '@' గుర్తు, సంస్థ డొమైన్ పేరు తప్పక రాయాలి. సొంత ప్రాంగణంలో అవి లేకున్నా పనిచేసి, పొరుగూరు వెళ్లాక మొరాయించడం తరచూ జరిగేదే. 'గెట్ఎడ్యూరోమ్' యాప్‌లో తమ సంస్థ పేరు ఉన్నవారికి గడులు నింపే పనే ఉండదు. ధ్రువపత్రం సహా అన్నీ అదే అమరుస్తుంది.

కోర్సు పూర్తయ్యాక ఖాతా మూతపడినా ఫోన్‌లోని అమరిక దానంతట అది పోదు. ఫోన్ అమ్మే ముందు, లేదా ఇంట్లో మరొకరికి ఇచ్చే ముందు ఆ వైఫై పేరు మీద 'ఫర్‌గెట్' నొక్కి, విడిగా చేర్చిన ధ్రువపత్రం ఉంటే దాన్నీ సెట్టింగ్స్‌లో నుంచి తొలగించాలి. పాస్‌వర్డ్ బయటపడిందన్న అనుమానం వస్తే వెంటనే దాన్ని మార్చి కంప్యూటర్ కేంద్రానికి తెలపాలి. డబ్బు పోయిన సందర్భాల్లో ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి.