ఏరి పారేసేవి ప్లాస్టిక్ గింజలు కావు

కంట్రోలు (రేషన్) బియ్యం ఇంటికి రాగానే చాటలో పోసుకొని, కొంచెం పసుపుగా, మసకగా ఉన్న గింజల్ని ఒక్కొక్కటే ఏరి వాకిట్లోకి విసిరేయడం వరంగల్ దగ్గరి హసన్‌పర్తి వైపు కొత్త కాదు. "ప్లాస్టిక్ గింజలు బిడ్డా, తింటే పేగులకు చుట్టుకుంటయి" అంటుంది అవ్వ. ఏరే ఓపిక లేనివాళ్ళు బియ్యం మొత్తం కోళ్ళకు పోస్తారు, లేదంటే వచ్చిన కాడికి అమ్మేస్తారు. కాలువ నీళ్ళు పెట్టి నెలల తరబడి పండించిన పంట ఒక్క వాట్సాప్ వీడియో దెబ్బకు నోటికి అందకుండా పోతోంది.

ఆ గింజలు బియ్యమే. నూకల్ని పిండి పట్టించి, ఇనుము, ఫోలిక్ ఆసిడ్, బి12 విటమిన్ కలిపి, సేమియా ఒత్తినట్టు యంత్రంలో ఒత్తి బియ్యపు గింజ ఆకారంలో కోస్తారు. ఆరబెట్టాక నూరు కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతారు. అలా కలిపిన కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్నది ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. 2021 ఆగస్టు 15న ప్రధాని ఈ గింజలు కలిపిన బియ్యాన్ని రేషన్ కింద ఇచ్చే పథకాన్ని ప్రకటించారు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. ఇనుము కలపడం ఎందుకంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా, అయిదేళ్ళ లోపు పిల్లల్లో దాదాపు 70 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. గర్భిణి ఇంట్లో కూర్చొని ఏరి పారేస్తున్నది సరిగ్గా తన కోసం కలిపిన గింజనే.

ఇక వీడియోల్లో చూపించే 'పరీక్షలు'. నీళ్ళలో తేలితే ప్లాస్టిక్ అట. ఒత్తిన గింజ తేలిక, అందుకే కొన్ని తేలతాయి. తాలు గింజా తేలుతుంది. పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్ మాత్రం మునుగుతుంది! అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే ఎగిరిందట. ఉడికిన పిండిపదార్థం జిగటగా సాగుతుంది, లోపల గాలి చిక్కుతుంది, ఏ బియ్యం ముద్దయినా ఎగురుతుంది. కాలిస్తే నల్లబడిందట. మామూలు బియ్యం కాల్చి చూడండి, అదీ నల్లబడుతుంది. ప్లాస్టిక్ ఎసట్లో వేస్తే నీళ్ళు పీల్చుకొని మెత్తబడి అన్నం కాదు. పైగా కిలో ప్లాస్టిక్ గుళికలకు కిలో బియ్యం కంటే ఎక్కువే పెట్టాలి, అంత నష్టానికి కల్తీ చేసే వ్యాపారి ఎవరు? 2017 జూన్‌లో హైదరాబాద్‌లో ఇదే గోల లేచినప్పుడు నమూనాలు పరీక్షించారు, ప్లాస్టిక్ దొరకలేదు. ఎనిమిదేళ్ళు దాటినా అవే వీడియోలు తిరుగుతున్నాయి.

అయితే జనం అనుమానంలో ఒక న్యాయం ఉందని ఒప్పుకోవాలి. గింజ వేరుగా కనిపించే మాట నిజం. పోషకాలు కలిపారని చెప్పే '+ఎఫ్' గుర్తు బస్తా మీద ఉంటుంది కానీ, కాంటా మీద తూచి సంచిలో పోస్తే ఆ బస్తా మనకు కనబడదు, ఏం కలిపారో చెప్పేవాళ్ళూ ఉండరు. ఇంకొకటి: సికిల్ సెల్, తలసీమియా ఉన్నవాళ్ళు ఇనుము కలిపిన తిండి విషయం డాక్టర్‌ని అడిగి తీరాలి. మిగతావాళ్ళలో ఎక్కువమందికి ఆ భయం అక్కర్లేదు.

తిండిని పారేయించే అపోహలు ఇంకా ఉన్నాయి. సన్నబియ్యంలో బలం, దొడ్డుబియ్యంలో లేదన్నది వట్టిమాట. సంచి మీద తేదీ దాటిన ప్రతి సరుకూ విషమన్నదీ అంతే. పారేసిన అన్నం మట్టిలో కలిసి ఎరువవుతుందనేవాళ్ళు వరంగల్ చెత్త పోసే మడికొండ డంపుయార్డు వైపు ఒకసారి వెళ్ళాలి. గాలి ఆడని చెత్తకుప్పలో అన్నం కుళ్ళి మీథేన్ అవుతుంది. పెరట్లో ఎండుటాకులతో కలిపి కుప్ప వేస్తేనే ఎరువు.

బియ్యం ఒకటి రెండుసార్లు కడిగితే చాలు. తేలిన గింజల్ని ఒంపేయకుండా అరచేయి అడ్డం పెట్టండి. ఎసరు సరిపడా పోసి వండండి. గంజి వంచితే పారబోయకుండా ఉప్పేసి తాగండి, పోషకాలు కొన్ని అందులోకే దిగుతాయి. మిగిలిన అన్నాన్ని వేసవిలో గంటల తరబడి గిన్నెలో వదలకండి, ఫ్రిజ్ లేకపోతే రాత్రికి తక్కువ వండండి. పురుగు పట్టిన, ముక్క వాసన కొట్టే బియ్యం ఇస్తే మాత్రం తీసుకోకండి. బస్తా చూపించమని డీలర్‌ని అడగండి, కాదంటే పౌరసరఫరాల శాఖ ఫిర్యాదు నంబరు 1967కు ఫోన్ చేయండి.