మిర్చి బజ్జీ పక్కన జెక్ట్

ఉస్మాన్‌గంజ్‌లో మాది ఎండుమిర్చి, చింతపండు టోకు వ్యాపారం. కాయ తుంచి వాసన చూసి ఘాటు చెప్పడం, చింతపండు నాలుక మీద పెట్టుకుని పాతదో కొత్తదో చెప్పడం మా నాన్న నేర్పాడు. ఆ నాలుకతోనే చెబుతున్నాను, మన కారపు తిండికి జర్మనీ వాళ్ల జెక్ట్ చాలా బాగా కుదురుతుంది. సరైన సీసా దొరకాలి, అంతే.

జెక్ట్ అంటే బుడగలొచ్చే వైన్. మా అమ్మాయి స్టుట్‌గార్ట్‌లో చదువుతుంటే చూడ్డానికి వెళ్లి, పక్కనే ఉన్న ఎస్లింగెన్‌లో మొదటిసారి తాగాను. కెస్లర్ అనే ఆయన 1826లో ఆ ఊళ్లో పెట్టిన కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. జర్మనీలో జెక్ట్ తయారుచేసే వాళ్లలో అదే అన్నింటికన్నా పాతది. కెస్లర్ ఈ విద్య నేర్చింది ఫ్రాన్స్‌లో, షాంపేన్‌కు పేరుపడ్డ వవ్ క్లికో దగ్గర పనిచేసి.

పద్ధతి ఇదీ. తయారైన వైన్‌లో కాస్త చక్కెర, ఈస్ట్ కలిపి సీసాకు గట్టిగా మూత బిగిస్తారు. లోపల అది మళ్లీ పులుస్తుంది. పుట్టిన గ్యాస్ బయటికి పోయే దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. జెక్ట్ అనిపించుకోవాలంటే లోపలి ఒత్తిడి కనీసం 3.5 బార్ ఉండాలి, కారు టైరులో కంటే ఎక్కువ. చవక రకాలను పెద్ద ట్యాంకుల్లో పులియబెడతారు. వాటిలో చాలావాటికి వైన్ ఇటలీ, స్పెయిన్‌ల నుంచి వస్తుంది. ‘డాయిచర్ జెక్ట్’ అని ఉంటే ద్రాక్ష జర్మనీదే. ‘వింట్సర్‌జెక్ట్’ అయితే రైతు తన తోట పండుతో, సీసాలోనే పులియబెట్టి చేసింది. నా డబ్బు దానికే. యుద్ధనౌకల ఖర్చు కోసమని 1902లో జెక్ట్ మీద వేసిన పన్ను నేటికీ ఉంది, 750 మిల్లీలీటర్ల సీసాకు 1.02 యూరోలు!

ఇక కారం సంగతి. ఆల్కహాలు, గ్యాస్ రెండూ నోటి మంటను పెంచుతాయి. తీపి దాన్ని అణుస్తుంది. అందుకే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెరుండే ‘బ్రూట్’ను మిర్చి బజ్జీతో తాగితే నోరు భగ్గుమంటుంది. 17 నుంచి 32 గ్రాములుండే ‘ట్రోకెన్’, లేదా 32 నుంచి 50 ఉండే ‘హాల్బ్‌ట్రోకెన్’ తీసుకోండి. రీస్లింగ్ ద్రాక్షతో చేసిందైతే మరీ మంచిది. ఆ పండు పులుపు చింతపండు పులుపులా సూటిగా తగులుతుంది, శనగపిండి నూనెను నాలుక మీంచి కడిగేస్తుంది.

బ్రూట్‌కు కారం లేని, ఉప్పగా కరకరలాడేవి కావాలి. జర్మన్లు ఉప్పు చల్లిన ప్రెట్‌జెల్, పొగబెట్టిన చేప, ఆస్పరాగస్ పెట్టుకుంటారు. మనకు సకినాలున్నాయి. నువ్వులు, వాము, బియ్యప్పిండి, నూనె. ఇంతకంటే మంచి జోడీ నాకు తట్టలేదు. వేయించిన జీడిపప్పు, కారం తగ్గించిన లుఖ్మీ ఆ తర్వాతే. తియ్యగా ఉప్పగా ఉండే ఉస్మానియా బిస్కెట్‌కు మాత్రం హాల్బ్‌ట్రోకెన్.

సీసాను 6 నుంచి 8 డిగ్రీల దాకా చల్లబరచండి. మూత తీసేటప్పుడు బిరడాను కదలకుండా పట్టుకుని సీసాను తిప్పండి. ఖుబానీ కా మీఠాతో బ్రూట్ వద్దు, ఆ తీపి ముందు వైన్ వట్టి పులుపైపోతుంది. 50 గ్రాములు దాటిన ‘మిల్డ్’ రకమైతే నిలబడుతుంది.