కడపటి వరుస

మేడారం సమ్మక్క సారలమ్మల మొక్కునకు వెళ్ళు ఓరుగల్లు కుటుంబంలో ఎందరుందురో ముందుగా చెప్పుట కష్టం. అనుకొన్నప్పుడు అయిదుగురు, బయలుదేరునప్పటికి ఏడుగురు. పూర్వం ఈ చిక్కును గూడు కట్టిన ఎడ్లబండి తీర్చుచుండెడిది. గడ్డి పరచి, దానిపై గొంగడి వేసినచో అందరికిని చోటు దొరకెడిది. ముసలివారు మూటకు చేరగిలబడగా, పిల్లలు వారి ఒడిలో నిద్రించెడివారు. బండిలో ముందు వరుస, వెనుక వరుస అను భేదం లేదు. నేడు ఆ బండి స్థానంలో ఏడు సీట్ల కారు వచ్చినది. దానితోపాటు ఆ భేదమును వచ్చినది.

2024 ఫిబ్రవరి జాతరకు ముందే, జనసమ్మర్దం తప్పించుకొనవలెనని, ఒక ఆదివారం మేమేడుగురం హనుమకొండ నుండి బయలుదేరినాము. తమ్ముడును నేనును కలిసి కారు కొనదలచి ఉంటిమి గనుక, పరీక్షగా ఏడు సీట్ల కారొకటి కిరాయికి తీసికొన్నాము. ఎవరెక్కడ కూర్చొనవలెనను ప్రశ్న రాగానే మా మేనత్త, “నేను ఎనుకకు కూసుంట బిడ్డా. నాకేం గాదు, యాడనన్న సర్దుకుంట” అన్నది. ప్రతి ఇంటిలోను ఈ మాట అనువారు ఒకరుందురు. ఆ మాటను మనం వెంటనే నమ్ముదుము. నమ్ముట మనకు సౌకర్యం గనుక.

దారి సుమారు నూరు కిలోమీటర్లు. ములుగు దాటి తాడ్వాయి అడవిలో ప్రవేశించినప్పుడు, ముందు సీటులో ఉన్న నేను చెట్ల అందమును వర్ణించుచునే ఉన్నాను. మేడారంలో తలుపు తీసి చూడగా మేనత్త దిగలేకపోయినది. మధ్య సీటు మడచి, చేయి పట్టి దింపినాము. కారును పట్టుకొని కొంతసేపు నిలబడి, “తిమ్మిరి వట్టింది, అంతే” అన్నది. తిరుగు ప్రయాణంలో ఆ చోట నేను కూర్చున్నాను. మోకాళ్ళు రొమ్ము దాకా వచ్చినవి. కిటికీ అద్దం తెరచుకొనునది కాదు. తల వెనుక జానెడు దూరంలోనే వెనుక అద్దం. ములుగు చేరకముందే నాకు పాఠం బోధపడినది.

ఇట్లేల జరుగును? మూడవ వరుస సాధారణంగా వెనుక చక్రాల మీదుగా వచ్చును. అక్కడ కారు నేల ఎత్తుగా ఉండును. సీటును కూడ అంత ఎత్తున పెట్టినచో తల కప్పునకు తగులును. అందుచేత సీటు క్రిందికి పోవును, మోకాళ్ళు పైకి లేచును.

పన్నుల లెక్క కూడ ఇందులో కొంత కలదు. 2006 బడ్జెటులో నాలుగు మీటర్ల పొడవునకు, 1,200 సి.సి. పెట్రోలు ఇంజనుకు మించని కార్లపై ఎక్సైజు సుంకం 24 శాతం నుండి 16 శాతానికి తగ్గించినారు. 2025 సెప్టెంబరు 22 నుండి అట్టి చిన్న కార్లపై జి.ఎస్.టి. 18 శాతం, ఆ హద్దు దాటిన పెట్రోలు కార్లపై 40 శాతం. 2019లో వచ్చిన రెనో ట్రైబర్ పొడవు 3,990 మిల్లీమీటర్లు. హద్దునకు పది మిల్లీమీటర్లు ఇవతల, మూడు వరుసలు అమర్చినారు! మూడవ వరుస సీట్లను ఊడదీసి ఇంటిలో పెట్టుకొను వీలు కల్పించుట అందలి నేర్పు. ఏడు సీట్లును ఉన్నప్పుడు సామాను చోటు 84 లీటర్లు; ఆ రెండు సీట్లను తీసివేసినచో 625 లీటర్లు.

విద్యార్థులు దీనిని ఇరువది లీటర్ల నీటి డబ్బాలతో లెక్కించవచ్చును. మొదటిది నాలుగు డబ్బాలకు కొంచెం ఎక్కువ, రెండవది ముప్పదియొకటి. 2018లో మార్పు చెందిన మారుతి ఎర్టిగా పొడవు 4,395 మిల్లీమీటర్లు, ఏడు సీట్ల వెనుక చోటు 209 లీటర్లు. అనగా పది డబ్బాలు. 2022లో మన పెనుకొండలోనే తయారై వచ్చిన కియా కారెన్స్ పొడవు 4,540 మిల్లీమీటర్లు, చోటు 216 లీటర్లు. మేడారంలో మనిషి ఎత్తు బెల్లం ‘బంగారం’గా సమర్పించు మొక్కు ఉన్నది. యాభై కిలోల బెల్లం, ఏడుగురి బట్టలు, వంట సామాను ఎక్కించవలసినప్పుడు ఈ లెక్క విలువ తెలియును.

2000లో టొయోటా క్వాలిస్, 2005లో ఇన్నోవా వచ్చిన నాటి నుండి పెండ్లికైనను, తీర్థయాత్రకైనను ఇట్టి కార్లు మనకు అలవాటైనవి. ఏడు సీట్లు అనగా ఏడుగురే గాని పదిమంది కారు. సీటుకొక్క బెల్టు, ఒడిలో కూర్చున్న బిడ్డకు బెల్టు లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పదునాలుగేండ్ల లోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని లేకున్న వేయి రూపాయల జరిమానా. జరిమానా మాట అటుండనిండు. హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు బిడ్డను ఏ తల్లి చేతులును ఆపలేవు. నిండుగా ఎక్కినప్పుడు టైర్లలో గాలి ఎంత ఉండవలెనో చాల కార్లలో డ్రైవరు తలుపు ప్రక్కన అచ్చువేసి ఉండును. దానిని చదువువారు తక్కువ.

కొనదలచినవారు ముందు సీటులో కూర్చొని మురిసిపోరాదు. ఇంటిలో అందరికంటె పొడవైనవారు ముందు కూర్చొని సీటు సరిచేసికొనవలెను. వారి వెనుక ఒకరు, ఆ వెనుక ఇంకొకరు కూర్చొనవలెను. ముసలివారు ఒకరి సాయం లేకుండ ఎక్కి దిగగలరేమో చూడవలెను. ఏడు సీట్లును నిలిపియుంచి, ఇంటి నుండి తెచ్చిన రెండు పెట్టెలు పట్టునేమో చూడవలెను. అరగంట ప్రయాణంలో ఎవరో ఒకరు కడపటి వరుసలోనే ఉండవలెను.

మేము అట్లే చేసినాము. మొదటి దుకాణంలో అమ్మకందారు నాకు ముందు తలుపు తెరచినాడు. నేను మేనత్తను వెనుకకు ఎక్కించినాను. ఆమె ఎక్కి, అటునిటు చూచి, ఈసారి సర్దుకొనలేదు. “దీన్ల సామాన్లు వెట్టుకోండ్రి బిడ్డా, మనుషులను గాదు” అన్నది. అమ్మకందారు నవ్వినాడు, మేము మరియొక దుకాణానికి నడచినాము.

మూడవ దుకాణంలో ఒక కారు ఆమెకు నచ్చినది. ఇప్పుడు మధ్య వరుసలో కిటికీ ప్రక్క చోటు ఆమెది. కడపటి వరుసలో పిల్లలిద్దరు కూర్చుందురు. దూర ప్రయాణమైనచో నేనును తమ్ముడును వంతులవారీగా అక్కడికి పోవుచున్నాము.