కుక్కపిల్ల స్నానము, శుభ్రత

కళ్ళమునకును, గొఱ్ఱెల దొడ్డికిని, రాత్రివేళ పశువులకొట్టమునకును కుక్కకంటె చౌకయైన కావలి రైతునకు వేఱొకటి లేదు. అందుచేత కుక్కపిల్లను తెచ్చి పెంచుకొనుట మన గ్రామములలో సామాన్యము. తెచ్చిన మఱునాడే దానిని నూతియొద్దకు కొనిపోయి రెండు కడవల చన్నీళ్ళు కుమ్మరించుటయు సామాన్యమే. ఈ రెండవ అలవాటు మానవలెననియు, దానికి బదులు చేయవలసినది వేఱొకటి కలదనియు సభ్యులకు తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇది మేము నష్టపడి నేర్చిన సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట మా యింటికి నెలదినముల పిల్లనొకదానిని తెచ్చితిమి. దాని ఒడలెల్ల పిడుదులు. పుష్యమాసపు సాయంకాలమున దానికి స్నానము చేయించి, ప్రత్తిచేనికి కొట్టగా మిగిలిన పురుగుమందును నీళ్ళలో కలిపి పూసితిమి. పిడుదులు చచ్చినవి, తెల్లవాఱునప్పటికి పిల్లయు చచ్చినది. నోట చొంగ కారుచు, కాళ్ళు కొట్టుకొనుచు అది పడిన బాధను మా యింటి పిల్లలు నేటికిని మఱువలేదు. చలియు విషమును కలిసి దానిని చంపినవి. ఆ రెండింటికిని మా తెలియమియే మూలము.

తగిన వయస్సు

పుట్టిన మొదటి మూడు నాలుగు వారములు కుక్కపిల్ల తన ఒంటివేడిని తాను నిలుపుకొనజాలదు. తల్లి పొట్టనంటి, తోడిపిల్లల నడుమ పండుకొనియే అది వెచ్చగా నుండును. తడిసిన పిల్ల త్వరగా చల్లబడును; చల్లబడిన పిల్ల పాలు సరిగా త్రాగదు, త్రాగినను అవి జీర్ణముకావు. ఎనిమిది వారములు నిండకమునుపు పిల్లను తల్లినుండి వేఱుచేయరాదు. అంతవఱకు దానికి నిండుస్నానమును చేయింపరాదు. మలినమైన చోటును గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తిన చాలును.

స్నానము చేయించు విధము

రెండు నెలలు నిండిన పిమ్మట, గాలి లేని యెండవేళ చూచి స్నానము చేయింపవచ్చును. వెడల్పుగల తొట్టిలో అడుగున గోనెసంచి పఱచినచో పిల్ల కాళ్ళు జాఱవు, అది బెదరదు. నీరు మోకాళ్ళకు మించరాదు. మన మోచేయి ముంచి చూచినపుడు వెచ్చగా తోచవలెనేగాని చుఱుక్కుమనరాదు. చెంబుతో మెడనుండి వెనుకకు మెల్లగా పోయవలెను. ముఖముపై పోయక తడిగుడ్డతో తుడువవలెను. చెవిలోనికి నీరు పోయినచో చీముపట్టు భయము కలదు. కావున చెవి దొప్పను వ్రేలితో మూసి పట్టవలెను.

బట్టల సబ్బులోని క్షారము లేతచర్మమును ఎండగొట్టును. కుంకుడురసము కన్నులను మండించును. పిల్ల దానిని నాకినచో వాంతులగును. కుక్కలకై చేసిన సబ్బు దొరకినచో వాడవలెను. లేనిచో వట్టి గోరువెచ్చని నీరే మేలు. సబ్బు వాడినపుడు జిగురు మిగులకుండ రెండుమాఱులు కడుగవలెను. పిదప పొట్టక్రిందను, చెవుల వెనుకను, వ్రేళ్ళ సందులను పొడిగుడ్డతో ఒత్తి, వెండ్రుకల మొదళ్ళు ఆఱువఱకు ఎండలో నుంచవలెను. నెలకొక స్నానము చాలును. తఱచుగా కడిగినచో ఒడలి సహజమైన జిడ్డు పోయి దురద పుట్టును.

ప్రతిదిన శుభ్రత

స్నానముకంటె ముఖ్యమైనది దినమునకు అయిదు నిమిషములు దువ్వి, ఒడలెల్ల తడవిచూచుట. ఇందులకు పేలదువ్వెననొకదానిని వేఱుగా నుంచవలెను. దువ్వగా రాలిన నల్లని నలుసులను తడిసిన తెల్లగుడ్డపై వేసి చూడుడు. చుట్టును ఎఱ్ఱని మరక యేర్పడినచో, నెత్తురు త్రాగి గెంతులువేయు చిన్నపురుగులు పిల్లను పట్టినవని తెలియవలెను. పిల్ల ఒడలు గీరుకొనుచు వీనిని మ్రింగినచో కడుపులో బద్దెపురుగులు పుట్టును. అవి మలములో బియ్యపుగింజలవలె కానవచ్చును. పురుగులు మితిమీరినచో నెత్తురు తఱిగి చిగుళ్ళు పాలిపోవును. అట్టి పిల్లను జాగుచేయక పశువైద్యునికి చూపవలెను.

పిడుదులు చెవులలోను, మెడక్రిందను, వ్రేళ్ళసందులలోను దాగును. ముల్లు తీయు చిన్న పట్టుకారుతో చర్మమునకు ఆనించి పట్టి తిన్నగా లాగి, సబ్బునీటిలో వేయవలెను. గోళ్ళతో నలుపుటయు, కిరసనాయిలు పూయుటయు, నిప్పు అంటించుటయు కూడదు. ఆడుపిడుదు నేలరాలి గోడపగుళ్ళలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. కావున పగుళ్ళు పూడ్చి, పిల్ల పండుకొను గోనెలను మరుగునీట ఉతికి ఎండబెట్టనిదే పీడ వదలదు. మందు వాడవలసివచ్చినచో పిల్ల వయస్సును తూకమును చెప్పి పశువైద్యుని అడుగవలెను. చేనిమందును, పశువుల పిడుదులకు వాడు మందును కుక్కపిల్లకు ఎన్నడును పూయరాదు.

ఇందలి పెద్ద లాభము

మొక్కై వంగనిది మ్రానై వంగదందురు. దినదినము చెవులు, పండ్లు, పాదములు తాకనిచ్చిన పిల్ల పెద్దయైనపుడు వైద్యుని చేతికి లొంగును. అట్టి యలవాటు లేని కుక్కను టీకాకై పట్టుకొనుట నలుగురివలనను కాదు. టీకా లేని కుక్కవలన పిచ్చికుక్కవ్యాధి యింటిలోనికి వచ్చును. ఆ వ్యాధి లక్షణములు పొడసూపిన పిదప బ్రదుకుట మిక్కిలి యరుదు. 1885లో పాశ్చరు మహాశయుడు ఈ టీకాను మనుష్యునకు వేసెను. 1907లో మన దక్షిణదేశమున కూనూరునందు పాశ్చరు సంస్థ వెలసెను. మార్గము తెలిసి శతాబ్దము దాటినను, దానిని వాడుకొనుట మన చేతిలోనే యున్నది. మూడునెలలు నిండగనే మొదటి టీకాను, ఏడాదికి మఱల రెండవదానిని, పిదప వైద్యుడు చెప్పినట్లును వేయింపవలెను. ఏ కుక్క కఱచినను గాయమును పారునీటిలో సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, నాడే వైద్యశాలకు పోవలెను.

ఒక్కొక్కరు పనిమాని పోవుట కష్టమగుచో, గ్రామములోని సభ్యులు తమ పిల్లలన్నిటికిని ఒకే దినమును నిర్ణయించుకొని పశువైద్యశాలకు పోవచ్చును. బండి ఖర్చు పంచుకొన్నచో ఎవరికిని భారముకాదు. దారిలో పిల్లలను నేలపై కలియవిడువక, ఎవరి పిల్లను వారు గంపలోనే యుంచవలెను. ఏలన టీకా పడని పిల్లలకు ఒకదానినుండి యొకదానికి నెత్తురువిరేచనముల జబ్బు సులభముగా అంటుకొనును.

నూతియొద్దకు కొనిపోవుటకు రెండు నెలలు ఆగుడు. దువ్వెన పట్టుటకు మాత్రము ఒక్కదినమును ఆగవలదు.