పాపతో పాటే సీటూ...

శనివారం సాయంత్రం. కింద కారు హారన్ మోగింది. ఎనిమిదేళ్ల పాప గబగబా మెట్లు దిగేసింది. స్నేహితురాలి పుట్టినరోజు పార్టీకి ప్రయాణం. పక్క ఫ్లాట్ వాళ్ల కారులో, మరో ఇద్దరు పిల్లలతో కలిసి వెళ్లాలి. చేతిలో బహుమతి ఉంది. మంచినీళ్ల సీసా ఉంది. చలేస్తే వేసుకోవడానికి స్వెట్టర్ కూడా ఉంది. లేనిదల్లా ఒక్కటే... రోజూ సొంత కారులో కూర్చునే బూస్టర్ సీటు! అది సెల్లార్‌లో, మన కారులోనే ఉండిపోయింది. అమ్మకు గుర్తు రాక కాదు. 'నాలుగు వీధుల అవతలికేగా! ఇప్పుడు సీటూ గీటూ అంటే వాళ్లేమనుకుంటారో' అని ఊరుకుంది.

భోజనం దగ్గర మొహమాటపడితే ఆకలితో లేస్తాం. అంతే. కారు దగ్గర మొహమాటపడితే పోయేది చాలా పెద్దది కావచ్చు. ప్రమాదానికి సొంత కారు, స్నేహితుల కారు అన్న తేడా తెలియదు కదా!

బెల్టు ఉందిగా... ఇంకెందుకు?

చాలామంది అడిగే ప్రశ్నే ఇది. కారులోని సీటుబెల్టు పెద్దవాళ్ల ఒంటికి తగ్గట్టు తయారైంది. అదే బెల్టును ఎనిమిదేళ్ల పిల్లకు పెట్టి చూడండి. తుంటి ఎముకల మీద ఉండాల్సిన కింది పట్టీ పొట్ట మీదకు ఎక్కుతుంది. భుజం మీదుగా రావాల్సిన పై పట్టీ మెడను ఒరుసుకుంటుంది. గుచ్చుకుంటోందని పిల్లలు దాన్ని చంక కిందికో, వీపు వెనక్కో నెట్టేస్తారు. పైగా మోకాళ్లు సీటు అంచు దాకా రావు కాబట్టి ముందుకు జారి కూర్చుంటారు. అప్పుడు గట్టిగా బ్రేకు పడితే బెల్టు ఎముకల్ని కాకుండా మెత్తటి పొట్టని నొక్కేస్తుంది. పేగులకూ వెన్నుకూ దెబ్బ తగిలేది అలాగే.

బూస్టర్ చేసే పని చాలా చిన్నది. పిల్లల్ని కాస్త ఎత్తులో కూర్చోబెట్టి, బెల్టు ఎక్కడ ఉండాలో అక్కడికి తెస్తుంది. 1978లోనే స్వీడన్ కార్ల కంపెనీ వోల్వో ఇలాంటి సీటును తీసుకొచ్చింది. అమెరికాలో నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల మీద జరిపిన అధ్యయనం ఒకటి 2009లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చింది. ఒట్టి బెల్టు పెట్టుకున్నవాళ్లతో పోలిస్తే బూస్టర్‌లో కూర్చున్నవాళ్లకు గాయాల ముప్పు 45 శాతం తక్కువని అది తేల్చింది.

'ఊళ్లో ఎంత స్పీడులో వెళతాం లెండి' అనుకుంటున్నారా? గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నయినా గుద్దుకుని ఆగిపోతే, ఆ తాకిడి సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి... అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి కింద పడినదానితో సమానం. ఆ క్షణంలో ఒళ్లో ఉన్న పిల్లను పట్టుకుని ఆపడం ఎవరి చేతులకూ సాధ్యం కాదు.

ఎప్పటిదాకా వాడాలి?

వయసు కన్నా ఎత్తు ముఖ్యం. దాదాపు 145 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగుల తొమ్మిదంగుళాలు వచ్చేదాకా బూస్టర్ అవసరమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. చాలామంది పిల్లలు ఆ ఎత్తుకు రావడానికి పది, పన్నెండేళ్లు పడుతుంది. ఇంట్లో టేపు లేకపోయినా ఫర్వాలేదు. పిల్లల్ని కారులో కూర్చోబెట్టి ఈ అయిదూ చూసుకోండి.

* వీపు సీటుకు పూర్తిగా ఆనుతోందా?
* మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగుతున్నాయా?
* పై పట్టీ మెడకూ భుజం చివరకూ మధ్యలో ఉందా?
* కింది పట్టీ పొట్ట మీద కాకుండా తొడల పైన ఉందా?
* దారి పొడవునా అలాగే కూర్చోగలరా?

ఒక్కదానికి 'లేదు' అన్నా బూస్టర్ కావాల్సిందే. అన్ని కార్ల సీట్లూ ఒకలా ఉండవు. మీ కారులో అయిదింటికీ 'అవును' వచ్చినా, స్నేహితుల కారులో రాకపోవచ్చు.

వీపున్నదా... లేనిదా?

బూస్టర్లు రెండు రకాలు. వీపూ, తలకు రెండు పక్కలా ఆసరా ఉన్నది ఒకటి. పీటలా ఒట్టి అడుగు మాత్రమే ఉన్నది రెండోది. పక్క నుంచి గుద్దినప్పుడు మొదటిదే మేలు. నిద్రలో తల వాలిపోయే పిల్లలకూ అదే మంచిది. రెండోది తేలిక, చవక. చంకన పెట్టుకుని వెళ్లిపోవచ్చు. వేరేవాళ్ల కారులో వెళ్లే కాస్త పెద్ద పిల్లలకు ఇది సరిగ్గా కుదురుతుంది. కానీ రెండు షరతులు. ఒకటి, ఆ కారు సీటుకు పిల్ల చెవుల దాకా వచ్చే హెడ్‌రెస్ట్ ఉండాలి. రెండు, పిల్లలు అందుకు తగ్గ ఎత్తు ఉండాలి. ఐరోపాలో 2017 నుంచి కొత్త నమూనాల్లో ఈ రకాన్ని 125 సెంటీమీటర్లు, 22 కిలోలు దాటినవాళ్లకే అనుమతిస్తున్నారు. అంతకన్నా చిన్నవాళ్లయితే బరువైనా సరే, వీపున్నదే పంపాలి.

కొనేటప్పుడు అడుగున ఉన్న లేబుల్ చదవండి. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072, ఐరోపా ప్రమాణం ఆర్129. ఎంత బరువు, ఎంత ఎత్తు పిల్లలకన్నదీ అక్కడే ఉంటుంది. వెడల్పు తక్కువ ఉన్నది చూసుకుంటే వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నా బకిల్‌కు చెయ్యి అందుతుంది. చుట్టాలు ఇచ్చిన పాతదైతే గడువు తేదీ చూడండి. ప్రమాదం జరిగిన కారులోది మాత్రం వద్దే వద్దు. బూస్టర్‌కు బదులు తలగడ, మడత దుప్పటి అసలే పనికిరావు. బ్రేకు పడగానే అవి నలిగిపోయి పిల్ల బెల్టు కింది నుంచి జారిపోతుంది.

ముందురోజే అడగండి

మన కార్లలో ఓ తమాషా ఉంది. కొత్త కారు కొనగానే ముచ్చటపడి సీటు కవర్లు తొడిగిస్తాం. వెనక బెల్టుల బకిళ్లు వాటి కింద దాక్కుంటాయి. పిల్లలు ఎక్కాక వెతకడం మొదలుపెడితే వెనక బండ్లవాళ్లు హారన్లు కొడతారు. అందుకే ఓ రోజు ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. వెనక ఎన్ని బెల్టులున్నాయి? ఎంతమంది పిల్లలు ఎక్కుతున్నారు? బెల్టులకు మించి పిల్లలుంటే మన పిల్లను మనమే దింపి రావడం మంచిది. మధ్య సీటుకు నడుం పట్టీ ఒక్కటే ఉంటే అక్కడ బూస్టర్ పెట్టకూడదు. భుజం పట్టీ ఉన్న చోటే పెట్టాలి. పదమూడేళ్ల లోపు పిల్లలకు ముందు సీటు వద్దు.

'వాళ్లను ఇబ్బంది పెట్టడం కాదా?' అంటారేమో. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చూడండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు సీటుబెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అది పడేది బండి నడిపేవారి మీద. అంటే మన పిల్లను ప్రేమగా తీసుకెళుతున్న స్నేహితుల మీదే! అసలు ఇబ్బంది అది కాదూ? అమెరికాలో ఉన్న మనవాళ్లకిది అలవాటైన పనే. కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్లు నిండనివాళ్లు 145 సెంటీమీటర్ల ఎత్తు లేకపోతే వెనక సీట్లో బూస్టరో, పిల్లల సీటో ఉండి తీరాలి. బ్రిటన్‌లోనైతే పన్నెండేళ్లో, 135 సెంటీమీటర్లో... ఏది ముందొస్తే అంతవరకూ.

'స్కూలుకు కిక్కిరిసిన ఆటోలో పంపిస్తాం, బండి మీద ముందు నిలబెట్టుకుని తిప్పుతాం. కారులోనే ఇన్ని జాగ్రత్తలా?' అని నవ్వేవాళ్లుంటారు. నిజమే. అవీ మారాల్సినవే. అలాగని చేతిలో ఉన్న జాగ్రత్తను ఇంట్లో వదిలేయడం ఎందుకు?

అడిగే తీరులోనే ఉంది అంతా. "వదినా, దీని సీటు కూడా పంపిస్తున్నా. పెట్టడం నిమిషం పని, దానికే వచ్చు. ఒక్కసారి బెల్టు చూడండి చాలు" అంటే కాదనేవాళ్లు ఎవరు? నిజంగానే పిల్లకు నేర్పండి. సీటు పెట్టుకోవడం, పట్టీని దాని దారిలో పోనివ్వడం, క్లిక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కడం. దిగాక ఖాళీ సీటును డిక్కీలో పెట్టమనీ చెప్పండి. వదిలేస్తే బ్రేకు పడినప్పుడు అదే ఎగిరి ఎవరికైనా తగులుతుంది.

వచ్చే శనివారం మళ్లీ హారన్ మోగుతుంది. బహుమతి, నీళ్ల సీసా, స్వెట్టర్... వాటితో పాటు చంకలో సీటు. కింద ఉన్న వదిన దాన్ని చూసి, 'ఇదెక్కడ కొన్నారు? మావాడికీ తీసుకోవాలి' అని అడిగినా ఆశ్చర్యం లేదు!