తాళం చెవి ఇచ్చేముందు...

'అమ్మా, ఒక్క రౌండు కొట్టొస్తా!'

పరీక్షలు అయిపోయిన ఇంట్లో రోజూ వినిపించే మాటే ఇది. ఏడాదంతా పుస్తకాలతో కుస్తీ పట్టిన పిల్లాడు. వాకిట్లో నాన్న బండి. గోడకు తాళం చెవి. 'పాపం, సెలవులే కదా' అనుకుంటుంది అమ్మ. 'మనవాడు భలే నడుపుతున్నాడే' అని మురిసిపోతాడు తాతయ్య. బండి వీధి మలుపు తిరుగుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

కపిలేశ్వరపురం లాంటి ఊళ్లలో బండి విలాసం కాదు, అవసరం. పొలంలో ఉన్న నాన్నకు అన్నం క్యారేజీ అందించాలి. మండపేట వెళ్లి సరుకులు తేవాలి. ఇలాంటి చిన్నచిన్న పనులతోనే పిల్లల చేతికి బండి వస్తుంది. 'దూరమేం కాదుగా' అన్న ధీమా పెద్దవాళ్లది.

వేసవిలో దారే వేరు

బడులకు సెలవులిచ్చే రోజులూ, దాళ్వా కోతల రోజులూ ఒక్కటే. రోడ్డుకు ఓ పక్కన ధాన్యం ఆరబోస్తారు. అంచున రాళ్లు పేరుస్తారు. రాత్రయితే రాశి మీద బరకాలు కప్పుతారు. చెదిరిన గింజల మీద బ్రేకు వేస్తే చక్రం జర్రున జారుతుంది. చీకట్లో నల్లటి బరకం దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. గడ్డి ట్రాక్టర్లలో వెనక దీపం లేనివీ ఉంటాయి. ఇక గోదావరి ఏటిగట్టు, కాలువ గట్ల మీద దారులు ఇరుకు. చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. అదుపు తప్పితే ఓ పక్క నీళ్లు, మరో పక్క పల్లం.

'మెల్లగానే వెళ్తాగా' అంటారు పిల్లలు. లెక్క చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు దాటిపోతుంది. 60 అయితే దాదాపు 17 మీటర్లు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి, బ్రేకు నొక్కేలోపే ఆ దూరం గడిచిపోతుంది. వెనక ఇద్దరు స్నేహితులు ఎక్కితే ఆగడం ఇంకా కష్టం.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వాళ్లలో హెల్మెట్ లేనివాళ్లే 50,029 మంది!

శిక్ష పెద్దలకే

గేర్ల బండి నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లవాళ్లకు 50 సీసీ దాటని గేరులేని బండికే, అదీ పెద్దల అంగీకారంతో లైసెన్సు ఇస్తారు. ఊళ్లలో 'చిన్న బండే' అనుకునే ఎక్సెల్ 100 కూడా ఈ లెక్కలోకి రాదు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం మరింత కఠినం. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. అవతలివారికి ఇచ్చిన పరిహారాన్ని బీమా కంపెనీ బండి యజమాని దగ్గర రాబట్టుకునే వీలూ ఉంది.

సెలవుల్లో ఇలా...

* తాళం చెవి గోడకు కాదు, బీరువాలో ఉంచండి.
* పిల్లలతో బండి మీద పనులు చెప్పొద్దు. దగ్గరి పనులకు సైకిలు చాలు.
* 18 నిండితే ముందు ఎల్ఎల్ఆర్ తీయించండి. నేర్పేటప్పుడు పెద్దలు తోడుండండి.
* లైసెన్సు వచ్చినా మొదట్లో రాత్రి ప్రయాణాలు వద్దు. వెనక ఒక్కరికి మించి ఎక్కించుకోవద్దు.
* హెల్మెట్ నడిపేవారికీ, వెనక కూర్చున్నవారికీ ఉండాలి. గడ్డం కింద పట్టీ బిగించాలి.
* ఫోను మోగితే బండి ఆపాకే తీయాలి.
* ఆపద వస్తే 108కి ఫోన్ చేయాలని ముందే చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం... పిల్లలు చెప్పింది వినరు, చేసింది చూస్తారు. పక్క వీధికైనా నాన్న హెల్మెట్ పెట్టుకునే వెళ్తే, కొడుక్కి అదే అలవాటవుతుంది. ఈ వేసవిలో వాడు అలిగితే అలగనివ్వండి. అలక రెండు రోజుల్లో తీరుతుంది. బండి నడిపే వయసు ఎలాగూ వస్తుంది!